వేలు తిరగాలి

మా ఊళ్ళో నన్ను గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్ళు చెబుతారు. ఒకటి ఎడంచేతి వాటం, రెండోది ఎడమ చెవి కింద పులిపిరికాయ. తెలివితేటల సంగతి ఎవరూ ఎత్తరు. కంటికి కనపడని వస్తువును ఆనవాలుగా చెప్పే అలవాటు మావాళ్ళకు లేదు. నా చేత కుడిచేత్తో అక్షరాలు దిద్దించాలని మా అయ్యవారు ఎడంచేతి కణుపుల మీద బెత్తంతో కొట్టేవాడు. మూడేళ్ళు కొట్టాడు. బెత్తాలు విరిగాయి గాని చెయ్యి మారలేదు. నాలుగో తరగతిలో నేను బడిని వదిలేశాను. బడి నన్ను ఒకటో తరగతిలోనే వదిలేసిందని అయ్యవారు అందరితో చెప్పుకునేవాడు. ఆనాటి నుంచి నన్ను వదలకుండా పట్టుకుని ఉన్నది ఈ పులిపిరి ఒక్కటే.

మొన్న గడ్డం గీస్తుంటే మంగలి కత్తి దాని అంచుకు తగిలింది. రక్తం మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. మంగలి పటిక అద్ది పట్టుకుని, నా ధ్యాస మళ్ళించడానికి కాబోలు, ఊసులు మొదలుపెట్టాడు. నకరికల్లు రోడ్డు మీద నాడాల సాయిబు పోయాడనీ, శుక్రవారం నాడే మట్టి చేశారనీ చెప్పాడు. ఆ తరవాత ఇంకా ఏవేవో చెప్పాడు. నాకు పటిక మంట కూడా తెలియలేదు.

ఆయన అసలు పేరు ఆ రోడ్డున పోయే బండివాళ్ళలో సగం మందికి తెలియదు. అందరికీ నాడాల సాయిబే. నేను మాత్రం వరస కలుపుకుని మామా అని పిలిచేవాణ్ణి.

ఎద్దుల గిట్టలకు ఇనప నాడాలు కొట్టడం ఆయన వృత్తి. రోడ్డు పక్కన తుమ్మచెట్టు, దాని కింద ఒక నల్లరాయి, గోనెసంచిలో సుత్తి, పట్టకారు, గిట్టలు చెక్కే ఉలి. అదే కొట్టు. ఎద్దు మనిషిలాగా నిలబడి చెప్పులు తొడిగించుకోదు. దాన్ని పడెయ్యాలి. ఆయన మోకును ఎద్దు నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి వెనక్కి లాగేవాడు. అంత ఎద్దూ మోకాళ్ళు మడిచి, ఏదో ఆలోచించుకున్నట్టు ఒక క్షణం ఆగి, దబ్బున పక్కకు పడేది. నేల అదిరేది. పడిన ఎద్దు మెడ మీద ఒకరు కూర్చోవాలి. నాలుగు కాళ్ళూ కలిపి కట్టేలోపల ఒక్క తన్ను తగిలితే మనిషి మిగలడు. ఆయన పై పళ్ళు రెండు ఒక మాచవరం ఎద్దు తీసుకుపోయింది. ఎడం పక్క డొక్కలో ఒక ఎముక లోపలికి పోయి గుంట పడింది. ఆ గుంటలో చుట్ట దాచుకోవచ్చు గదా మామా అని నేనంటే, నీ నోరు దాచిపెట్టుకోవడానికి అట్టే పెట్టానని ఆయన.

మేకు దిగేటప్పుడు ఎద్దు వణికేది. దెబ్బ దెబ్బకూ ఆయన దాని చెవి దగ్గర ఒకటే మాట అనేవాడు. "బస్, అయిపోయింది బిడ్డా." అప్పటికి అయిపోయేది కాదు. ఒక్కో గిట్టకు ఇంకా మూడు మేకులు ఉండేవి. అబద్ధమని ఎద్దుకు కూడా తెలిసేదేమో, అయినా వణుకు తగ్గేది.

నాడాలు ఆయన వృత్తి అయితే, పులిపిర్లు ఆయన పిచ్చి. ఎద్దు కింద పడగానే ముందు గిట్టలు చూసేవాడు కాడు. మెడ కింద, తొడల సందున, పొట్ట అడుగున చెయ్యి పోనిచ్చి తడిమేవాడు. పులిపిరి తగిలితే మొహం వెలిగేది.

మాకు పులిపిరి అంటే పులిపిరే. ఆయనకు అది ఒక కుటుంబం. లేగదూడల మూతి మీద గుంపుగా పుట్టేవి ఆవాలు. వాటిని ముట్టుకోకూడదు, దూడ పెద్దదయ్యేసరికి వాటంతట అవే రాలిపోతాయి. పాడి ఆవు చన్నుల మీద తెల్లగా, సన్నగా, కోలగా పుట్టేవి బియ్యపుగింజలు. ఆముదం రాసి, పాలు పితికే చేతిని కడుక్కోమని చెప్పి వదిలెయ్యాలి. సన్నటి కాడ మీద వేలాడుతూ, ఎద్దు నడిస్తే ఊగేది జుంకా. దాన్ని గుర్రం తోక వెంట్రుకతో కాడ దగ్గర ముడి వేసి బిగించాలి. మూడు రోజులకోసారి ఇంకొంచెం బిగిస్తే, నల్లబడి, ఎండి, ఒకరోజు గడ్డిలో రాలిపోతుంది. కాడ అనేదే లేకుండా చర్మానికి అంటుకుని చాప పరిచినట్టు పరుచుకున్నది పడక. దాన్ని కట్టకూడదు, కొయ్యకూడదు, కాల్చకూడదు. దాని వేరు ఎక్కడిదాకా పోయిందో పైనున్న మనకు తెలియదు.

ఒకసారి నరసరావుపేట నుంచి పశువుల డాక్టరు సైకిలు మీద పోతూ నీడకని ఆగాడు. సాయిబు ఆయన చెయ్యి పట్టుకుని, అక్కడ నిలబడ్డ పశువులన్నిటి దగ్గరికీ తిప్పి చూపించి, మీ ఇంగిలీషులో దీన్ని ఏమంటారు, దీన్ని ఏమంటారు అని అడిగాడు. అన్నిటికీ డాక్టరు ఒకటే మాట చెప్పాడు, వార్టు అని. ఆయన పోయాక సాయిబు దిగులుపడ్డాడు. "ఇంతమంది పిల్లలకీ ఒకటే పేరు పెట్టుకున్నారంటరా అల్లుడా. ఎవురన్నా తప్పిపోతే ఏమని ఎతుకుతారు?" అన్నాడు.

ఏది జుంకానో ఏది పడకో కంటితో తేల్చడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. రెండూ పైకి ఒకేలా గుత్తిగా కనపడొచ్చు. అందుకని పశువు యజమాని చూపుడువేలు పట్టుకుని పులిపిరి మొదట్లో పెట్టించి, చుట్టూ తిప్పమనేవాడు. వేలు మొదలైన చోటికి తిరిగి వస్తే అది జుంకా. మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతే పడక. "వేలు తిరగాలి" అనేవాడు. తిరిగాక యజమాని నోటితోనే పేరు చెప్పించేవాడు. పేరు చెప్పనిదే వెంట్రుక బయటికి తీసేవాడు కాడు. ఎంత పెద్ద రైతయినా పొట్ట కింద దూరి, తలగుడ్డ పేడలో పడేసుకుని, వేలు తిప్పాల్సిందే.

ఆయన చెయ్యి మెత్తన అనుకుంటే పొరపాటు. బొల్లాపల్లి వైపు రైతు ఒకడు పాడి ఆవును తోలుకొచ్చాడు. చన్ను మీద బియ్యపుగింజలు పాలు పితకడానికి అడ్డమొస్తున్నాయని కొడవలితో చెక్కేశాడు. చన్ను పక్కన చిల్లుపడి, పాలూ నెత్తురూ కలిసి ఆవు వెనక కాళ్ళ మీదికి కారుతున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. సాయిబు ఆవును చూశాడు, రైతును చూశాడు. చెయ్యి ఇట్లా ఇవ్వు అన్నాడు. వేలు తిప్పడానికేమో అనుకుని వాడు చెయ్యి ఇచ్చాడు. సాయిబు వాడి చిటికెనవేలికి గుర్రపు వెంట్రుక చుట్టి ముడి బిగించాడు. వాడు కెవ్వుమన్నాడు. వాడి తలకాయను చంకలో ఇరికించుకుని, ఇంకో చేత్తో ముడి ఇంకా లాగాడు. వేలు ఎర్రబడి, నీలమై, నేరేడుపండు అయింది. వాడు కాళ్ళతో తన్నాడు, కొరికాడు. ఆయన చంక దగ్గర చొక్కాకు నెత్తురంటింది. అట్లాగే పట్టుకుని మా అందరితో మాట్లాడినట్టు మామూలుగా అన్నాడు. "దానికి నోరు లేదు. ఈడికుంది. అరవనీండి, దాని వాటా గూడా ఈడే అరుస్తాడు." ముడి విప్పాక వాణ్ణి వదిలేసి, ఆవు పొదుగు కడుగుతూ కూర్చున్నాడు. బస్, అయిపోయింది బిడ్డా అంటూ.

నాకు ఆయన దగ్గర ఎట్లా కుదిరిందంటే, ఒకరోజు మా ఎద్దులను తోలుకుపోయి, పనిలో ఉన్న ఆయన్ను ఏదో ఎకసెక్కెం ఆడాను. ఆయన సుత్తి కింద పెట్టి, లేచి వచ్చి, చెంప మీద ఒకటి ఇచ్చి, మళ్ళీ పోయి సుత్తి పట్టుకున్నాడు. అప్పటికి నాకు ఇరవై దాటాయి, మీసం కూడా ఉంది. మర్నాడు పొలం పని ఎగ్గొట్టి అక్కడికే పోయాను. ఆ తరవాత వారానికి మూడు రోజులు ఆ తుమ్మచెట్టు కిందే నా కాపురం. ఎద్దుల మెడల మీద కూర్చునేవాణ్ణి, బండివాళ్ళను నవ్వించేవాణ్ణి.

వెంట్రుకల పని ఆయన భార్యది. పేట జట్కా గుర్రాల తోకల నుంచి తెచ్చిన వెంట్రుకలను ఆమె కుంకుడురసంతో కడిగి, ఆముదం పట్టించి, మూడేసి కలిపి పేనేది. బిగువు చూడటానికి ఇంట్లో గంజిముంత పిడికి ముడి వేసి లాగి చూసేవాళ్ళు ఆలుమగలిద్దరూ. నేను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆ ముడి నేను చూసి నేర్చుకున్నాను. రెండు మెలికలు వేసి, కుడివైపుకు తిప్పి, కొసను కింద నుంచి లాగాలి. నాది ఎడంచెయ్యి గనక నా ముడి ఎడమకు తిరిగేది, ఆయన ముడిని అద్దంలో చూసినట్టు. సాయిబు చూసి, బిగువుందా లేదా అని లాగి చూసి, ఉందిలే అన్నాడు. ఎడంచెయ్యి మార్చుకోమనని మనిషిని నేను నా జన్మలో ఆయన్ను ఒక్కణ్ణే చూశాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఇనుము దొరక్క, అరిగిన నాడాలనే సాగగొట్టి మళ్ళీ వేస్తున్నాడు. అప్పుడు మా ఊరి కామందు గిత్తను పట్టుకొచ్చాడు. బండలాగుడు పందేలకని పెంచిన గిత్త అది. పాలేరు దానికి తన పిల్లల కంటే ముందు మేత పెట్టేవాడు. దాని మెడ కింద, కాడిపట్టీ ఒరుసుకునే చోట, చింతకాయ గుత్తంత పులిపిరి ఉంది.

సాయిబు వంగి కామందు వేలు పట్టుకోబోయాడు. కామందు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సరేనని సాయిబే తన వేలు తిప్పాడు. ముందు వైపు తిరిగింది, పక్కకు తిరిగింది, వెనక ఆగిపోయింది. ఆగిన చోట వేలు కాసేపు అట్లాగే ఉంచాడు.

"పడక అయ్యా. దీని కింద నరం కొట్టుకుంటా ఉంది. నేను ముట్టుకోను. ఇంకెవుర్నీ ముట్టుకోనీమాకండి."

పందెం పదిరోజుల్లో ఉందనీ, అది వేలాడేసుకుని గిత్తను నలుగురి మధ్యా తిప్పమంటావా అనీ కామందు అడిగాడు.

"తిప్పండి. ఎద్దుకేం సిగ్గు?" అన్నాడు సాయిబు.

చెట్టు కింద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. కామందు చేతిలోని చెర్నాకోల మాత్రం సాయిబు వీపు మీద పడింది. చొక్కా చీలి, కింద తోలు కూడా చీలింది. సాయిబు గిత్త బెదిరిందేమోనని దాని గంగడోలు నిమిరాడు.

కామందుకు గుంటూరు కోర్టులో వాయిదా ఉంది. పోతూ పోతూ పాలేరుతో, తాను తిరిగొచ్చేసరికి ఆ కాయ ఉంటే దాని బదులు నీ తలకాయ కోస్తానని చెప్పి బండెక్కాడు. పాలేరు రెండు రోజులు నిద్ర మాని, మూడోరోజు గిత్తను తోలుకుని తుమ్మచెట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు సాయిబు నాడాల పని మీద మాచవరం పోయాడు. నల్లరాయి మీద కూర్చుని ఉన్నది నేను. చుట్టూ నలుగురు పొరుగూరి బండివాళ్ళు, నా ఎకసెక్కేలు వింటూ.

పాలేరు నా కాళ్ళు పట్టుకున్నాడు. నాకంటే పెద్దవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. నా కాళ్ళు అంతకుముందు ఎవరూ పట్టుకోలేదు. బండివాళ్ళు చూస్తున్నారు. నేను సాయిబులాగే తలగుడ్డ సవరించుకుని, మెడ కింద దూరి, వేలు తిప్పాను. ముప్పావు వంతు తిరిగింది. మిగిలిన పావు నేను నోటితో తిప్పాను.

జుంకా అని చెప్పాను. సంచిలో వెంట్రుకలున్నాయి. కాడ లేని చోట కాడ ఉన్నట్టు చర్మాన్ని పట్టి లాగి, ముడి వేసి, పళ్ళతో పట్టి బిగించాను. గిత్త తల విదిలించింది. బస్, అయిపోయింది బిడ్డా అన్నాను, ఆయన గొంతుతో. బండివాళ్ళు పగలబడి నవ్వారు.

సాయిబుకు చెప్పలేదు. చెబితే చెంప మీద ఇంకొకటి పడుతుందని మాత్రమే అనుకున్నాను. నాలుగు రోజులకు కాయ నల్లబడింది. దాని చుట్టూ మెడ ఉబ్బి, ముట్టుకుంటే కాలేది. వారానికి కామందు తిరిగొచ్చి, నల్లబడ్డ కాయను చూసి, సాయిబు దారికొచ్చాడన్నమాట అన్నాడట. పాలేరు తల ఊపాడట. మర్నాడు తెల్లవారగానే పందెం సాధన అని గిత్తను జతకు కట్టి, కళ్ళంలో బండ లాగించాడు. మా ఊరు ఊరంతా చూడటానికి పోయింది. నేనూ పోయాను.

గిత్త మొదటి అడుగు వేసింది. కాడిపట్టీ మెడకు బిగిసింది. రెండో అడుగుకు పట్టీ ఆ ముడిని పట్టుకుని లాగింది. కాయ ఊడింది. దాని వెంట లోపలి నుంచి ఇంకేదో కూడా తెగింది. నెత్తురు చినుకులుగా రాలేదు. కుండ బద్దలైనట్టు ఒక్కసారిగా వచ్చి, ముకుతాడు పట్టుకున్న పాలేరు మొహం మీద పడింది. అతనికి కళ్ళు కనపడలేదు. గిత్త తల తిప్పి కొమ్ము అతని చంక కింద దించి, ఎత్తి, బండ అవతలికి విసిరేసింది. ఎముకలు విరిగిన చప్పుడు కళ్ళం చివర్న ఉన్న నాకు వినపడింది. రెండో గిత్త మోకాళ్ళ మీద కూలింది. దాన్ని కాడితో సహా ఈడ్చుకుంటూ ఇది గోడ మీదికి పోయింది. ముందు కాలు గోడరాళ్ళ సందులో దిగి, ఎండుకంపలా విరిగింది. అక్కడే పడిపోయింది. పడ్డ తరవాత కూడా చాలాసేపు ఆ విరిగిన కాలుతోనే లేవాలని చూసింది. లేవబోయినప్పుడల్లా మెడ నుంచి నెత్తురు చిమ్మేది. గోడ, గడ్డి, పిల్లల మొహాలు, అన్నీ ఎర్రగా అయ్యాయి. దాని అరుపు క్రమంగా గురకలోకి దిగి, పొద్దు నడినెత్తికి రాకముందే ఆగిపోయింది. పాలేరు బతికాడు, స్పృహ మాత్రం మూడోనాటికి గాని రాలేదు. ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు.

సాయిబును తీసుకురావడానికి ఇద్దరు మనుషులు పోయారు. గిత్త పగ్గంతోనే ఆయన మెడకు ఉరి వేసి, సంచీతో సహా ఈడ్చుకొచ్చారు. దారిలోనే కొట్టారు. కళ్ళంలోకి వచ్చేసరికి పెదవి చీలిపోయి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. ఆయన కామందు వైపు చూడలేదు. చచ్చిపడ్డ గిత్తను చూసి, అయ్యో అని దాని దగ్గరికి పోబోయాడు. పగ్గం పట్టుకున్నవాడు వెనక్కి లాగాడు.

కామందు ఊడిన కాయను ఆయన కాళ్ళ ముందు పడేశాడు. ముడి ఇంకా దాన్నే పట్టుకుని ఉంది.

"ఎవుడి ముడిరా ఇది?"

సాయిబు వంగి తీసుకున్నాడు. తెరిచి ఉన్న కంటి దగ్గర పెట్టుకున్నాడు. నెత్తురు తుడిచి, వేలితో మెలికలు తడిమాడు. అవి ఎటు తిరిగాయో ఆయన చూశాడు. చూసినట్టు నాకు తెలిసింది. తల ఎత్తి జనం మొహాలు ఒక్కొక్కటే వెతికి, నా మొహం దగ్గర ఆగాడు. నేను గిత్త వైపు చూశాను.

నేను అనాల్సినవి రెండే మాటలు. కట్టింది నేను. ఆ రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. ఎవడేమన్నా ముందుగా మాట అందుకునే నోరు నాది. ఆరోజు దాన్ని పట్టకారుతో తెరిచినా తెరుచుకునేది కాదు.

"ముడి నాదే," అన్నాడు సాయిబు.

ఏ చేత్తో కట్టావని కామందు అడిగాడు. సాయిబు కుడిచెయ్యి చాపాడు. కాయను ఎడమ పిడికిట్లో దాచుకుని, కుడిచెయ్యి చాపాడు.

దాన్ని బండ మీద పెట్టి ఇద్దరు మణికట్టు తొక్కి పట్టుకున్నారు. ఆయన సంచిలోని సుత్తే బయటికి తీశారు. మొదటి దెబ్బకు వేళ్ళు విచ్చుకున్నాయి. రెండో దెబ్బకు అవి వేళ్ళని చెప్పే వీలు లేకుండా పోయింది. ఆయన అరవలేదు. మూడో దెబ్బకు, తలను ఆ చేతి దగ్గరికి వంచి, చిన్నగా ఏదో అన్నాడు. దగ్గరున్నవాళ్ళు దేవుణ్ణి తలుచుకున్నాడన్నారు. నాకు తెలుసు. ఆ పెదాల కదలిక నేను వెయ్యిసార్లు చూశాను. బస్, అయిపోయింది బిడ్డా. తన చేతికే చెప్పుకుంటున్నాడు. అప్పటికి అయిపోలేదు. ఇంకో రెండు దెబ్బలున్నాయి.

ఇంటికి మోసుకుపోయాక కూడా ఎడమ పిడికిలి విప్పలేదట. అత్త ఆముదం రాసి ఒక్కో వేలూ విప్పి, అందులో ఉన్నది తీసుకుందట. అది పక్కింటివాళ్ళు చెప్పారు. నాకు అప్పట్లో దాని సంగతి తట్టలేదు.

వారం తరవాత పోయాను. గుడ్డలు చుట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అత్త గడపలో వెంట్రుకలు పేనుతోంది. నేను నోరు తెరిచాను. ఆయన ఎడంచేత్తో ఆపాడు. సుత్తి పట్టుకుని చెట్టు కాడికి పదరా అన్నాడు, బళ్ళు వచ్చి ఆగి ఉంటాయి అన్నాడు.

ఆ రోజు నుంచి, ఆయన చెట్టు కిందికి రావడం మానుకునేదాకా, నేను ఆయన కుడిచేతిని. ఎద్దును నేను పడేసేవాణ్ణి, మేకు నేను దించేవాణ్ణి, ఆయన ఎద్దు చెవి దగ్గర కూర్చుని అబద్ధం చెప్పేవాడు. తన్నులు కూడా నేనే తిన్నాను. నా డొక్కలోనూ ఒక గుంట పడింది. చుట్టకు చోటు దొరికిందా అల్లుడా అన్నాడు. ఎందుకు నీదని చెప్పావు మామా అని ఒకే ఒక్కసారి అడిగాను. ఉలి నూరుతున్నాడు, ఎడంచేత్తో, మెల్లగా.

"నేను నేర్పిందే గదా. ముడి నాదే. వేలు నీది." అంతటితో సరి. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

రెండేళ్ళకు కామందే ఇంకో ఎద్దును తోలుకొచ్చాడు. దీనికీ పులిపిరే, తొడ సందున. నాకు ఒళ్ళు మండింది. పొమ్మందాం మామా అన్నాను. ఎద్దేం చేసింది అన్నాడాయన. కామందు చూస్తుండగానే మామ నా వేలు పెట్టించి తిప్పించాడు. తిరిగింది. మొత్తం తిరిగింది. రెండోసారి కూడా తిప్పించి పేరు చెప్పమన్నాడు. జుంకా అన్నాను. కట్టమన్నాడు. ఎడంచేత్తో కట్టాను, కామందు కళ్ళ ముందే, మెలికలు ఎడమకు తిప్పి.  ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు అడుగుతాడు, ఈసారన్నా నోరు తెరుస్తాను అనుకున్నాను. కామందు ముడి వైపు చూడనేలేదు. ఎండ ఎక్కిందని గొడుగు తెప్పించుకున్నాడు.

ఈలోగా నా చెవి కింద పులిపిరి పెరుగుతూ వచ్చింది. కట్టించు మామా అని ఎన్నిసార్లు అడిగానో. అడిగినప్పుడల్లా ముందు నువ్వు పేరు చెప్పు అనేవాడు. నేను వేలు పెట్టి తిప్పి, జుంకా అనేవాణ్ణి. ఆయన ఒంటికన్నుతో నా వైపు చూసేవాడు. రెండో కన్ను ఆనాటి దెబ్బలకే పోయింది.

"మొత్తం తిరిగిందా?"

ఆ ప్రశ్నకు నేను ఏనాడూ అవునని అనలేకపోయాను. ఆయన నవ్వి చుట్ట ముట్టించుకునేవాడు.

మొన్న మంగలి దగ్గర నుంచి సగం గీసిన గడ్డంతోనే లేచి నకరికల్లు రోడ్డు పట్టాను. జ్వరమొచ్చి ఆరు రోజులు పడుకున్నాడనీ, నాకు కబురు పెట్టొద్దన్నాడనీ పక్కింటివాళ్ళు చెప్పారు. ఆయన సుత్తి గూట్లో ఉంది. గంజిముంత పిడికి పాత ముడి ఒకటి అట్లాగే ఉంది. అత్త గడపలో కూర్చుని, ఇంక ఎవరికి కావాలో తెలియని వెంట్రుకలు పేనుతోంది. నేను ఎదురుగా కూలబడ్డాను. ఏడవాలని ఉంది. నాకు ఏడుపు వచ్చే దారిలోకి ఎప్పుడూ ముందు ఎకసెక్కెమే వచ్చి నిలబడుతుంది. నెత్తురు కారుతున్న పులిపిరి మీద చెయ్యి పెట్టుకుని, మామ దీన్ని కట్టించకుండానే పోయాడు అత్తా, ఇక బతికినన్నాళ్ళూ దీన్ని మోసుకు తిరగాల్సిందేనా అన్నాను.

ఆమె పేనుతున్న వెంట్రుకను తెంపి నా చేతిలో పెట్టింది. కుడిచేతిలో కాదు.

"నీకెవురో కట్టేదేంది అల్లుడా? ఎడమకు తిరిగే ముడి నీకు బాగా వచ్చుగా," అంది.